గడప ముందు కూర్చున్న రోజా

జగిత్యాల

చిన్నాయనకు,

ఫోన్లో నీ గొంతు వింటే చెప్పలేను, అందుకే రాస్తున్నాను.

వసంతత్త ఇంట్లో దొంగతనం జరిగిన పొద్దున ఆమెకు సాయంగా బీరువాలో చేతులు పెట్టి వెతికావు. బీరువాకు అంటిన నీ వాసన పట్టుకుని పోలీసు కుక్క రోజా వచ్చి మన గడప ముందు కూర్చుంది. ఊరి ముందు పరువు పోయిందని గడ్డపారతో దాని కాలు విరగ్గొట్టావు.

"కరవ అచ్చిందని చెప్పు బిడ్డా, లేకుంటే నన్ను జైళ్ల ఏస్తరు" అన్నావు. ఊరంతా చూడలేదంటోంది. రోజాను సాకిన కానిస్టేబుల్ వేణు మాత్రం, "నువ్వన్న నిజం చెప్పు చెల్లె, గది నోరులేని జీవి, చెప్పుకోలేదు" అని బతిమాలాడు.

రోజా కరవలేదు చిన్నాయనా. మొదటి దెబ్బకు కూడా లేవలేదు. కూర్చోమని నేర్పారు, కూర్చుంది.

రేపు స్టేషన్‌లో అదే చెప్తాను. నువ్వు సాయానికే బీరువా వెతకడం చూశాను కనుక, నువ్వు దొంగవు కావని చెప్పాల్సిందీ నేనే. రోజా సంగతిలో అబద్ధమాడితే ఆ మాట ఎవరు నమ్ముతారు?

నీ అన్న బిడ్డ