చేదు మందు పరీక్ష

చెల్లీ,

నిన్న పొద్దున క్షయ వార్డు వరండాలో నర్సులందరినీ వరసగా కూర్చోబెట్టావు. ఒక్కొక్కరికీ మాస్కు తొడిగి, తలమీద ప్లాస్టిక్ ముసుగు దించి, లోపలికి చేదు మందు చిమ్మావు. నాలుకకు చేదు తగిలితే మాస్కు సరిపోలేదన్నమాట. ఆ సందులోంచే రోగమూ దూరుతుంది. ఆ నర్సుల్లో ఉన్న మన తమ్ముడి భార్యకు చేదు తగిలింది. ఆమె ముక్కు మీద మాస్కు తీగను నీ వేళ్లతో నొక్కి, మూడు మాస్కులు మార్చి చూశావు.

నేను ఆ పక్కనే రోగుల ఉమ్ము గిన్నెలు కడుగుతున్నాను. మూతికి పాత గుడ్డ కట్టుకున్నాను. "మరి నాకో?" అన్నాను.

"మాస్కుల జాబితాలో ఆయాల పేర్లు లేవక్కా, నన్నేం చెయ్యమంటావు?" అన్నావు, తలెత్తకుండా.

చిన్నప్పుడు నీ ముక్కు తుడిచినదాన్ని. నీ వేళ్లు మరదలి ముఖం మీద చూసి నాకు కడుపు మండింది. ప్రార్థనలో కూర్చున్నా చల్లారలేదు.

సాయంత్రం తమ్ముడు నన్ను పని మానెయ్యమన్నాడు. మరదలు ఒప్పుకోలేదు. "వదినెందుకు మానాలి? ఆయాల పేర్లు ఎక్కేదాకా నేనూ వార్డులో అడుగుపెట్టను" అంది. ఇంట్లో అందరం అదే ఖాయం చేశాం. రేపు మేమిద్దరం పెద్ద డాక్టరు గది ముందు కూర్చుంటాం.

"నేనూ అడుగుపెట్టను" అన్న ఆ మాట నీ నోట వినాలని దేవుణ్ణి అడిగాను. ఆయన మరదలి చేత అనిపించాడు.

నీ అక్క