ఎడమవైపు మడి

ప్రియమైన కోడలు పిల్లకి,

నీ పొట్లం క్షేమంగా చేరింది. మీ మామయ్య విప్పి వాసన చూసి, "ఇంట్లో బూజు దులపలేక చస్తుంటే, ఈ పిల్ల పోస్టులో కూడా బూజు పంపిస్తోందే!" అని ఒకటే నవ్వు. నేను నవ్వలేదు. సరే, కొంచెం నవ్వాను.

ఫోన్లో అయితే నువ్వొకటి చెప్తావు, నేనొకటి అడుగుతాను, ఇద్దరం ఒకేసారి మాట్లాడతాం. అందుకే రాస్తున్నాను. టమాటా నారు రెండేళ్ళుగా నన్ను ఏడిపిస్తోంది. మొలకెత్తిన పది రోజులకే కాడ మొదట్లో మెత్తబడి, తెల్లారేసరికి నేలకి వాలిపోతోంది. ఎప్పుడూ పోసే తెగులు మందే డ్రమ్ములకొద్దీ పోశాను. ఉపయోగం లేదు. నువ్వు పంపిన పొడి ఎలా వాడాలో నాకు అర్థమయ్యేలా రాయి. మా వాడిని వేళకి తినమని చెప్పు.

నీ అత్తయ్య


ప్రియమైన అత్తయ్యకు,

మామయ్యగారికి చెప్పండి, అది ఎక్కడి బూజో కాదు, మీ పొలంలోదే. పోయినేడు నారంతా వాలిపోయినా ఒక మూల నాలుగు మొక్కలు నిటారుగా నిలబడ్డాయి కదా, వాటి వేళ్ళ దగ్గరి మట్టిని కొంగులో మూటకట్టుకుని తెచ్చుకున్నాను. మా ల్యాబులో గాజు పళ్ళెంలో పెంచితే పచ్చగా విచ్చుకుంది. నారును చంపే బూజును దాని ఎదురుగా పెట్టి చూశాను. మనది మెల్లగా పాకి, దాన్ని చుట్టేసుకుని తినేసింది. ఆ రోజు నేనొక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

ఈ పొడిని బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి, నీళ్ళు చిలకరించి, నీడలో గోనెపట్టా కప్పి ఉంచండి. రెండు వారాలకు పచ్చటి పొర కడుతుంది. పాడైపోయిందని పారబోయకండి, మనకు కావలసింది అదే. కుడివైపు మడి మీ పద్ధతిలో వేయండి. ఎడమవైపు మడిలో ఈ ఎరువు కలిపి, విత్తనాలకూ కాస్త పొడి పట్టించి చల్లండి.

ఒక సంగతి మీ దగ్గర దాచను. రైతు మడిలో ఫలితం కనిపిస్తేనే మా పెద్ద మేడమ్ ఈ పని కొనసాగనిస్తారు. లేకపోతే ఏడాదిగా నేను పెంచినవన్నీ పారబోసి, పళ్ళేలు కడిగి బోర్లిస్తారు. అందుకే వేరే ఎవరినీ అడగకుండా మిమ్మల్ని అడుగుతున్నాను.

మీ కోడలు


ప్రియమైన బూజుల డాక్టరమ్మకి,

ఎరువు పచ్చబడింది, విత్తనాలు పడ్డాయి, మొలకలొచ్చాయి. నీ మడి చూస్తే కడుపు నిండిపోతోంది.

పక్క పొలం ఆయన పనీపాటా లేనట్టు రోజూ గట్టు మీదకొచ్చి నిలబడుతున్నాడు. "కోడలి చదువు మొలిచిందా వదినా?" అంటాడు. "ముందు నీ గట్టు మీద కలుపు చూసుకో" అన్నాను.

నీ మడిలో ఒక అంచున ఏడెనిమిది మొక్కలు వాలాయి. కంగారు పడకు. నీకు మాట రానివ్వను, అది నా పూచీ.

నీ అత్తయ్య


ప్రియమైన అత్తయ్యకు,

మీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. ఫోన్ చేస్తే మామయ్యగారు వాన సంగతి చెప్పి పెట్టేశారు. చివరికి నిన్న మీ అబ్బాయే నోరు విప్పారు, రెండు మడులూ ఒకేలా పోయాయని.

నాకు చెప్పలేక ఎంత నలిగిపోయారో మీరు. మేడమ్‌కి నేనే చెప్పేశాను, పళ్ళెంలో బతికింది గానీ మట్టిలో బతకలేదని. ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నెలాఖరుకి ల్యాబులో నా అర ఖాళీ చేయమన్నారు. దీంతో పాటు రైతు నివేదిక కాగితం పంపుతున్నాను. "ఫలితం లేదు" అని రాసి సంతకం చేయండి చాలు.

నా మాట నమ్మి నారు పోగొట్టుకున్నారు. నన్ను క్షమించండి అత్తయ్యా.

మీ కోడలు


ప్రియమైన నా తల్లికి,

నువ్వు నన్ను క్షమించమంటావా? ఆ ముక్క చదివాక ఇక దాచలేకపోతున్నాను.

ఆ ఏడెనిమిది మొక్కలు వాలిన రోజు పక్క పొలం ఆయన నలుగురిని వెంటేసుకొచ్చాడు. నన్ను చూసి నవ్వితే పడేదాన్ని. నీ చదువు చూసి నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళటు వెళ్ళగానే నా పాత మందు డ్రమ్ములో కలిపి నీ మడి నిండా పోశాను. మర్నాడు ఇంకోసారి పోశాను. నీ బూజుకి తోడుంటుందనుకున్నాను. మొక్కలు నిలబడితే పేరు నీకే రావాలని, ఎవరికీ చెప్పకూడదని ఒట్టు కూడా పెట్టుకున్నాను.

నా మందు నీ బూజును చంపింది. నారును చంపే బూజుకి మాత్రం ఏమీ కాలేదు. దానికి ఆ మందు ఎక్కదని రెండేళ్ళుగా నా కళ్ళతో చూస్తూనే ఉన్నాను కదా, ఆ బుద్ధి అప్పుడు ఏమైందో! నాలుగు రోజుల వానకి మడంతా పడుకుంది. నీ మడిలో ఆ మందు చుక్క కూడా పడకూడదని విత్తనాలు చల్లేముందే నువ్వు ఫోన్లో రెండుసార్లు చెప్పావు. వినపడలేదని తప్పించుకోవచ్చు. వినపడింది.

చెప్పడానికి భయమేసింది. ఇన్నేళ్ళు వ్యవసాయం చేసి, నీ ముందు చిన్నబోతానని భయం. నిన్న మీ మామయ్యకి చెప్పేశాను. ఆయన కాగితం, కలం తెచ్చి నా ముందు పెట్టారు. డ్రమ్ము అటక మీదికెక్కించి, నిచ్చెన ఎక్కడో దాచేశారు.

గోనెపట్టా కింద సగం ఎరువు ఇంకా పచ్చగానే ఉంది. ఈ ఉదయం వేరే చోట, ఎన్నడూ మందు పడని నేలలో, కొత్త మడి వేశాం. మేడమ్‌ని ఇంకో నెల గడువు అడుగు. కుదరదంటే నేనే వచ్చి అడుగుతాను. నా నోటి సంగతి నీకు తెలుసు.

నువ్వు పంపిన కాగితం జత చేశాను. దాని మీద నువ్వు చెప్పింది రాయలేదు. "ఈ మడిలో తెగులు మందు పోసింది నేను. వద్దని చెప్పినా పోశాను. బూజు తప్పు లేదు, నా కోడలి తప్పు లేదు" అని రాశాను. పక్క పొలం ఆయన్ని పిలిచి, అందరి ముందు గట్టిగా చదివి, సాక్షిగా ఆయన చేతే సంతకం పెట్టించాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన మాత్రం వెళ్తూ వెళ్తూ, ఆ ఎరువు నాకూ ఓ గంపెడు ఇస్తావా వదినా అని మెల్లగా అడిగాడు. మా కోడలిని అడిగి చెప్తానన్నాను.

తప్పు చేసిన రైతు,
నీ అత్తయ్య