మోతగాడి నలుపు

1944 జూన్ 4, ఆదివారం

రాయి లీలమ్మా. ముందు నా పేరు రాయి. బీరమ్మ. వయసు తెలియదు. మూసీ పొంగి పట్నం మునిగిన ఏటికి నా కొడుకు సోమన్నకు నాలుగేళ్ళు. లెక్క నువ్వే కట్టుకో.

గడీ దొర నా చెలక గుంజుకున్నాడు. రెండెకరాల ఎర్ర చెలక, వాన పడితేనే పండే నేల. తరతరాలుగా వెట్టి చేస్తున్నామని మా మామకు ఇచ్చిన ఇనాం. మా ఆయన జానయ్యను పాతిన బొంద అందులోనే ఉంది. నేను తన సీమ బొమ్మను పాడుచేశానట, దానికి బదులట.

కాగితం మీద నా వేలిముద్ర ఉంది. బొమ్మను తిరిగి అప్పజెప్పినవని రాసుకుంటున్నం, వేలు పెట్టు అన్నాడు గుమాస్తా దశరథం. పెట్టాను. చెలకను నా ఇష్టంతో వదులుకున్నానని అందులో రాసి ఉందని మరునాడు తెలిసింది.

నా బొటనవేలు వాళ్ళ కాగితంలో ఉంది. నా నోరు నీ నోట్‌బుక్‌లో ఉండనీ.

లీలమ్మ మిషన్ బడి టీచర్. తిట్లు రాయను అవ్వా అంటుంది. తిట్టు లేకుంట దొర ముచ్చట ఎట్ల జెప్పాలె బిడ్డా అన్నాను. తిట్టు ఉన్నచోట ఖాళీ విడుస్తానంది. ఈ పేజీలో మూడు ఖాళీలు ఉన్నాయి.

జూన్ 5, దీపాలు పెట్టే వేళ

దొరకు బొమ్మల పిచ్చి. మన దేవుళ్ళవి కావు. సముద్రం అవతలి దేవుళ్ళవి, పాత కంచువి. జానెడు, జానెడున్నర ఎత్తు. బొంబాయిలో పార్సీ సేట్లు వేలం వేస్తే పోయి తెచ్చుకుంటాడు. ఏడాదికి ఒకటో రెండో. ఇప్పటికి పందొమ్మిది. ఒక్కో దాన్ని అరచేతిలో నిలబెట్టుకొని, కంటికి లెన్స్ పెట్టుకొని ఒక పూటంతా చూస్తాడు. తన బిడ్డను అట్లా చూడగా నేనెప్పుడూ చూడలేదు.

సగం బొమ్మల మీద నూలుపోగు లేదు. దొరసాని వాటిని లోపలి ఇంట్లోకి రానియ్యలేదు. అందుకని బయటి బంగళాలో అద్దాల అల్మారీలో పెట్టించాడు. దిసమొల బొమ్మలను తుడవమంటే లోపలి పనివాళ్ళు ముక్కు చిట్లించారు. అప్పుడు నేను గుర్తొచ్చాను.

విను ఈ వింత. మా ఊరి గుడి గడప నేను తొక్కరాదు. దొర ఇంటి కడవను నేను తాకరాదు. కానీ ఈ దేవుళ్ళు నా చేతికొచ్చారు. సీమ దేవుండ్లకు అంటు లేదులే అన్నాడు దశరథం. వెనక తలుపు నుంచి పోయి పదకొండేళ్ళు తుడిచాను. కూలి లేదు. వెట్టే.

పేర్లు నేనే పెట్టుకున్నాను. మేకకాళ్ళోడు. మడమలకు రెక్కలున్నోడు. సింహం దవడ చీల్చేటోడు. స్నానం చేసి సిగ్గుపడే పిల్ల.

ఇంకొకడు మోతగాడు. మోకాలు వంచి, వీపు మీద పెద్ద గుండు మోస్తుంటాడు. వాని గురించి రేపు చెప్తాను. ఇవాళ నోరు ఎండిపోయింది.

జూన్ 6

మోతగాడు వచ్చిన పెట్టెను మోసింది జానయ్యే.

భువనగిరి స్టేషన్‌లో పెట్టె దిగింది. గడీలో ఆరు ఎడ్లబండ్లు ఉన్నాయి. కానీ బండి కుదుపులకు బొమ్మ విరుగుతుందని దొర భయం. మనిషి నెత్తి మీదైతే కుదుపు ఉండదన్నాడు. ఎండాకాలం. రెండు రోజుల నడక. దించరాదు, నేల తగలరాదు, కూర్చోరాదు. పక్కన సవారీ గుర్రం మీద దశరథం.

జానయ్య బంగళా మెట్ల మీదికి తెచ్చి పెట్టె దించాడు. మెల్లగా దించాడు. ఆ తర్వాత పడ్డాడు. మెడ ఒక పక్కకు వాలిపోయింది. నీళ్ళు పోస్తే బయటికే వచ్చాయి.

దొర మొదట పెట్టె విప్పించాడు. బొమ్మకు ఏమీ కాలేదని చూసుకున్నాకనే ఇటు తిరిగాడు.

ఒకనాడు అతిథులకు ఆ బొమ్మ కథ చెప్తున్నాడు. పెద్ద దేవుడు వీణ్ని శిక్షించి ఆకాశాన్ని మోయమన్నాడట. నేను ఊడుస్తూ విన్నాను. నోరాగలేదు. నీ బాంచెన్ దొరా, ఏం తప్పు జేసిండు అని అడిగాను. లడాయిల ఓడిండే అన్నాడు. మరి కూలేమిస్తరు అన్నాను. అందరూ నవ్వారు. దేవుండ్లకు కూలేందే ముసల్దానా అన్నాడు.

ఓహో, అక్కడ కూడా వెట్టేనన్నమాట.

ఆనాటి నుంచి వాణ్ణి మిగతావాళ్ళకంటే కొంచెం ఎక్కువ తుడిచేదాన్ని.

జూన్ 8

మిరుగం కార్తె చొచ్చింది. వాన పడ్డది. ఊరంతా విత్తనాలు పెడుతున్నారు. సోమన్న నాగలిని గోడకు ఆనించి దాని ముందు కూర్చున్నాడు.

జూన్ 11, ఆదివారం, ప్రార్థన అయినాక

ఇవాళ అసలు సంగతి. ఒక్క మాట కూడా వదిలిపెట్టకు లీలమ్మా.

మే నెల ఆఖరి మంగళవారం. దొర పట్నంలో ఉన్నాడు. బిడ్డను చూడ్డానికి పిల్లవాడి తరఫువాళ్ళు గురువారం వస్తారని కబురొచ్చింది. దొరసాని లోపలి గడపలో నిలబడి నన్ను పిలిపించింది. శుభకార్యం పెట్టుకొని గా నల్ల పిశాచాలేందే బంగళల, ఇజ్జత్ పోతది, చింతపండు పెట్టి తళతళ తోమియ్యి అన్నది.

నేను చెప్పాను. పొడిగుడ్డతోనే తుడవాలె, తడి తగలొద్దన్నడు దొర. ఎందుకో చెప్పలే, తగలొద్దన్నడు. నీ బాంచెన్, అమ్మా, అడిగి చేద్దాం అన్నాను.

దొర లేనప్పుడు నేనే దొరను అన్నది.

లోపలి వంటింటి చింతపండు నా చేతికి ఇవ్వదు కదా. కచ్చేరి నుంచి వచ్చే మెహమాన్లకు వండే బయటి వంటిల్లు హుస్సేన్ బీది. అక్కడికే కేక వేసింది, రెండు సేర్లు దానికి వెయ్యి అని. హుస్సేన్ బీ తూచి నా బుట్టలో వేసింది. దశరథం వసారాలో కూర్చొని విన్నాడు. విన్నాడు, రాసుకో.

నా ఇంట్లో పచ్చిపులుసుకే చింతపండు ఉండదు. రెండు సేర్లు నేనెక్కడి నుంచి తెస్తాను?

ఇప్పుడు నా తప్పు కూడా రాయి. మా ఇళ్ళల్లో కంచు నల్లబడితే ఆ ఇంటి ఆడది బద్ధకస్తురాలని అర్థం. పండుగకు చెంబు మెరవకపోతే అత్త చావుతిట్లు తిడుతుంది. నలుపు అంటే మురికి అనే నాకు తెలుసు. మురికిని ఎవరైనా దాచుకుంటారని ఏ తల్లీ నాకు చెప్పలేదు. తోమడం మొదలుపెట్టినాక దొర మాట మరిచిపోయాను. మరిచిపోయి సంతోషపడ్డాను.

మొదట మోతగాణ్ణే పట్టుకున్నాను. అదే చేటు. చింతపండు గుజ్జు పట్టించి, ఇటుకపొడి వేసి, గడ్డిచుట్టతో రుద్దాను. మొదట ఆకుపచ్చ నీళ్ళు కారాయి. తర్వాత కాఫీ రంగు. మధ్యాహ్నానికి పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. మెడ నరాలు తేలాయి. పదకొండేళ్ళు చూశాను కానీ వాడి మొహం అప్పటిదాకా నాకు కనిపించలేదు. నోరు కొంచెం తెరిచి ఉంది. పళ్ళు బిగపట్టి ఉన్నాయి.

పెట్టె దించినప్పుడు జానయ్య నోరు అట్లనే ఉండె.

మిగతా పద్దెనిమిది ముట్టనే లేదు. దొర మోటారు వచ్చింది.

జూన్ 12

దొర నన్ను కొట్టలేదు. అది కూడా రాయి, అబద్ధం వద్దు. బొమ్మను చూసి నేల మీద కూలబడ్డాడు. చంటిపిల్ల చచ్చినట్టు దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. మూడు వందల ఏండ్ల నలుపే ____, ఎందరి చేతులు తగిలితే వచ్చిన నలుపే అని ఏడ్చాడు. నిజంగా ఏడ్చాడు.

జానయ్య పడినప్పుడు ఆ కన్ను తడవలేదు.

ఎవల్జెప్పిండ్రు అని అడిగాడు. నేను లోపలి గడప దిక్కు చూశాను. దొరసాని నాకేం తెల్వదన్నది. దశరథం నేల చూశాడు. కడుపుల మంట పెట్టుకొని జేసింది, మొగడు సచ్చిన కసి అన్నాడు దొర.

రెండు రోజులకు ఆ కాగితం. నా బొటనవేలు.

జూన్ 18, ఆదివారం

తాలూకా కచ్చేరిలో తెలుగు అర్జీ చెల్లదట. ఉర్దూలోనే ఉండాలట. అర్జీలు రాసే మక్సూద్ సాబ్ దగ్గరికి పోయాం. లీలమ్మ ఈ నోట్‌బుక్ మొత్తం చదివి వినిపించింది. ఆయన తలూపుతూ విన్నాడు, ఒకచోట అయ్యో అన్నాడు కూడా. చివరికి మూడు లైన్లు రాశాడు.

గింతేనా సాబ్ అన్నాను. గింతకన్న ఎక్కువైతే సదవరమ్మా అన్నాడు. మా కోడిపుంజును తీసుకున్నాడు. మూడు లైన్లకు ఒక పుంజు.

సాక్షి కావాలన్నాడు. దశరథం చెప్పడు. ఇక మిగిలింది హుస్సేన్ బీ.

జూన్ 25, ఆదివారం

హుస్సేన్ బీ దారి మార్చుకొని తిరుగుతోంది. ఇవాళ బావి కాడ పట్టుకున్నాను.

బీరక్కా, నా నోట్లె బుక్క గడీదే, నేనేం జెయ్యాలె అన్నది. నీ నోట్లె బుక్క వాళ్ళదైతే నాలుక గూడ వాళ్ళదేనా అన్నాను. ఏడ్చింది. ఏడిస్తే నా చెలక రాదు తల్లీ, కన్నీళ్ళతోని ఆముదాలు మొలవయ్ అన్నాను.

లీలమ్మ అంటుంది, అంత కటువుగా మాట్లాడాల్సింది కాదని. నీకు తెలియదు లీలమ్మా. రాయి.

జులై 2

దొర పాలేర్లు నా చెలక దున్నారు. బొంద చుట్టూ తిప్పి దున్నమని సోమన్న బతిమిలాడాడు. నాగలి తిప్పలేదు.

సోమన్న, వెట్టి వద్దని దొరల మీద లేచిన సంఘంలో కలుస్తానంటున్నాడు. నేను వద్దనలేదు.

జులై 18, మంగళవారం

నిన్న కచ్చేరి.

దొరకు కుర్చీ. నాకు వసారా కింద ఎండ. బొమ్మను పట్టుగుడ్డలో చుట్టి తెచ్చాడు. బల్ల మీద విప్పగానే తహసీల్దారు కళ్ళు మెరిశాయి. వాహ్, బంగారం లెక్కున్నది గదా, నుక్సాన్ ఏమైంది దీనికి అన్నాడు. నలుపు పోయింది హుజూర్, ఆ నలుపే దీని పానం అన్నాడు దొర. తహసీల్దారు నవ్వాడు. మైల కోసం చెలకనా దొరా అన్నాడు. గుమాస్తాలు కూడా నవ్వారు. నా గుండెలో ఆశ మొలిచింది. ముసలిదాన్నైనా మొలిచింది, సిగ్గులేక.

ఇదంతా దీని కసి అన్నాడు దొర. సాక్షి ఎవరున్నారని అడిగారు.

హుస్సేన్ బీ లేచింది. నేనే తూచి ఇచ్చిన హుజూర్, రెండు సేర్లు, దొరసానమ్మ గడపల నిలవడి ఇయ్యమంటెనే ఇచ్చిన, అల్లా సాక్షి అన్నది. దొర ఆమె దిక్కు తిరగలేదు. గుమాస్తా దశరథం చేతిలో కలం కింద పడింది.

రెండు సేర్లతోని ఏ ముసల్ది పులుసు వండుకుంటది అన్నాడు తహసీల్దారు. ఆ మాట ఆయనే అన్నాడు. రాసుకో లీలమ్మా, ఆయనే అన్నాడు. తీర్పు పది దినాలకు అన్నాడు. అని, మోతగాణ్ణి చేతిలోకి తీసుకొని కిటికీ వెలుగుకు తిప్పి తిప్పి చూశాడు.

దొర ఆయన చూపును చూశాడు. అది నేను చూశాను. అదేం చూపో నాకు అర్థం కాలేదు.

తిరిగొచ్చేటప్పుడు కట్టంగూర్ సడక్ దాకా హుస్సేన్ బీ, నేను కలిసి నడిచాం. ఒకే చెంబు నీళ్ళు తాగాం. నిన్నటి నుంచే ఆమెకు గడీ తలుపు మూసేశారు.

జులై 30, ఆదివారం

తీర్పు వచ్చింది. వేలిముద్ర ఉంది కాబట్టి కాగితం నిజమట. చెలక దొరదట. మక్సూద్ సాబ్ చదివి చెప్పాడు. మూడే లైన్లు.

ఇంకొకటి కూడా చెప్పాడు, చెప్పకుండా ఉండలేక. తహసీల్దారు ఇంట్లో దివాన్‌ఖానాలో, నడిమి బల్ల మీద మోతగాడు ఉన్నాడట. దొర నజరానా ఇచ్చాడట. వచ్చిన ప్రతివాడూ ఎంత బాగుందో అంటున్నాడట.

నేను పాడుచేసిన బొమ్మ. నా రెండెకరాలకు సమానంగా పాడైపోయిన బొమ్మ. నజరానాకు పనికొచ్చింది.

జానయ్య వీణ్ని ఒకసారి మోశాడు. ఇప్పుడు నా చెలకను కూడా వీపు మీద వేసుకొని పోయాడు ఈ మోతగాడు.

వాణ్ణి ఏమీ అనను. వాడికి కూడా కూలి లేదు.

ఇక ఈ పుస్తకం వద్దు లీలమ్మా. లేదు, ఉండనీ. సగం కాగితాలు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

డిసెంబర్ 10, ఆదివారం

తహసీల్దారు ఇంటి నుంచి మనిషి వచ్చాడు. బొమ్మ నల్లబడుతోందట. వచ్చి మునుపటిలెక్క తోమి పొమ్మన్నారట. చింతపండు వాళ్ళే ఇస్తారట.

తోమను అన్నాను. నలుపు పోయిందనే గదా నా చెలక పాయె. నలుపు మళ్ళ వస్తాంది. పూర్తిగ నల్లగైన దినం నా చెలక నాకు ఇడిసిపెట్టమని దొరకు జెప్పు అన్నాను.

పిచ్చి ముసల్దనుకొని పోబోయాడు. ఆపి అడిగాను, ఎందాక వచ్చింది నాయినా అని.

భుజాల దాకా అన్నాడు.