వల లేని బెండ్లు

సముద్రగర్భ సర్వే అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా రేవు ఎదుట కొలవకుండా వదిలిన ముక్కను మళ్లీ కొలిపించవలసినదిగా విన్నపం.

సర్వే లాంచీ మా రేవు ఎదుట కొలవడానికి వచ్చిన ఉదయం నేను ప్రార్థన ముగించి వరండాలో చిరిగిన వల బాగుచేస్తున్నాను. పొయ్యి మీద టీ మరుగుతోంది. తమ్ముడు ఇంజనుకు నూనె పోస్తున్నాడు. మరదలు బట్టలు ఆరేస్తోంది. తమ యంత్రం మనిషి మెట్లెక్కి వచ్చి మంచినీళ్లు అడిగాడు. రోజంతా చెవులకు డిప్పలు పెట్టుకొని సముద్రాన్ని వింటాడు గనుక మావాళ్లు అతన్ని చెవులాయన అనేవారు. అతనూ పలికేవాడు. నీళ్లు తాగి సముద్రం వైపు చెయ్యి చూపించాడు.

“అక్కా, ఆ తెల్ల బెండ్ల కింద వలుందా?”

“ఉంది నాయనా” అన్నాను.

లేదు. దాని వివరము ఈ కింద మనవి చేసుకొనుచున్నాను.

1. తమ లాంచీ నీటిలోకి శబ్దం పంపి, అది అడుగును తాకి తిరిగొచ్చే వ్యవధిని బట్టి లోతు కొలుస్తుందనీ, వెనక తాడుకు కట్టిన యంత్రం చిక్కుకుంటుందని వలలున్న చోట తప్పుకొని పోతుందనీ అంతకుముందే అతనే మాకు చెప్పియున్నాడు. ఆ మాటనే మేము వాడుకున్నాము.

2. ఆ బెండ్ల కింద మా నాన్న పాత పడవ ఉంది. చేపలు చేరతాయని రాళ్లు నింపి మేమే ముంచాము. ముక్కు పైకి లేచి, బయటికి కనబడకుండా నీటిమట్టానికి కాస్త కిందే నిలబడిపోయింది. దీపస్తంభమూ నీళ్ల ట్యాంకూ ఒక వరుసలోకి వచ్చే చోటు అది. ఈ గుర్తు మా ఇల్లు దాటి బయటికి పోవడం ఇదే మొదలు. మాకు అన్నం పెట్టిన చోటు మ్యాపులో పడితే నలుగురి పాలవుతుందని తమ్ముడు ఉత్త బెండ్లు వదిలాడు. నేను వద్దనలేదు.

3. నిన్న ఉదయం చెవులాయన మిఠాయి డబ్బాతో వచ్చాడు. మ్యాపు అయిపోయిందట. వల ఉందన్న చోట ఇటూ అటూ లోతులు చూసి మధ్యలోది అంచనాతో నింపేశారట. ఈ వారంలోనే నౌకాదళం పడవలు దీపాలార్పుకొని, ఆ మ్యాపును నమ్ముకొని, రేవుదాకా వేగంగా వస్తాయట. అంత చీకట్లో భయం లేదా అని మరదలు అడిగింది.

“అడుగంతా నా చెవుల్లో ఉంది వదినా. మొదటి పడవలో నేనే కూర్చుంటా.”

తమ్ముడు చేతిలోని మిఠాయి తిరిగి డబ్బాలో పెట్టేశాడు. నేను అప్పుడూ నోరు విప్పలేదు. వెళ్తూ వెళ్తూ తన కోసం దేవుడికి ఒక మాట చెప్పమన్నాడు. చెబుతానన్నాను.

4. తరువాత ప్రార్థనకు కూర్చున్నాను. అతన్ని కాపాడమని అడగడానికి మొహం చెల్లలేదు. కాపాడే మాట నా దగ్గరే ఉంది.

కావున ఆ ముక్క మళ్లీ కొలిచేదాకా పడవలను ఆపించవలెను. తప్పును అతని అజాగ్రత్త కింద రాయవద్దు. శిక్ష వల ఉందన్న మనిషికి వేయవలెను. తలెత్తి అడగలేక తలవంచి రాసిన ఈ నాలుగు ముక్కలు తమరు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
రేవు మెట్ల పక్క ఇంటి పెద్దది

వి.సూ. సాయంత్రం దీన్ని ఇంట్లో చదివి వినిపించాను. తమ్ముడు కాగితం నా చేతిలోంచి తీసుకున్నాడు.

“నన్నడక్కుండా రాసేశావా అక్కా?”

“అబద్ధం చెప్పేటప్పుడు నిన్నడిగానా?” అన్నాను.

మరదలు లేచి తన ఎర్రచీర చింపడం మొదలుపెట్టింది. తెల్లవారగానే తమ్ముడు ఆ చోట బెండ్లకు ఎర్రగుడ్డలు కట్టి, అటునుంచి అటే తమ ఆఫీసుకు వచ్చి ఈ కాగితం ఇస్తాడు. లాంచీ ఎక్కి తనే చూపిస్తాడు. ముంచిన పడవ తీసేయమంటే మా తాళ్లతోనే లాగుతాము. ఇది అందరం కలిసి అనుకున్నది.

చెవులాయనకు మాత్రం తమరు చెప్పవద్దు. అతను అడిగింది నన్ను. నేనే వచ్చి చెబుతాను.