మానుతున్న పుండు

నాచారం

ప్రియమైన నిస్సీకి,

పుణెలో ట్రైనింగ్ బాగా సాగుతోందనుకుంటాను. ఫోన్‌లో నీ గొంతు వింటే నాకు మాటలు రావు, అందుకే ఈ కాగితం.

ఉప్పల్ చౌరస్తాలో బండి సైలెన్సర్ తగిలి పిక్క కాలిందని చెప్పాను కదా, ఆ పుండు ఇంకా మానలేదు. అమ్మ పసుపు, వేపాకు అన్నీ అయిపోయాయి. "గింత పుండుకు గిన్ని దినాలా? ఆ క్యాన్సర్ మందే నిన్ను ఖరాబ్ జేస్తున్నది. బంద్ వెట్టు బిడ్డా" అని రోజూ ఒకటే పోరు. నాకూ విసుగ్గానే ఉంది. రక్తనాళాల మీద పరిశోధన చేసేదానివి, నువ్వే చెప్పు.

నీ అనిల్


పుణె

ప్రియమైన బావా,

అత్తమ్మ మాట వినకు, నామీద ఒట్టు. గాయమైన చోట ఒళ్లు కేకేస్తుంది, ఇక్కడికి రక్తం కావాలని. ఆ కేకనే మేము గ్రోత్ ఫ్యాక్టర్ అంటాం. అది వినబడితే కొత్త రక్తనాళాలు మొలుస్తాయి, పుండు పూడుతుంది. నీ పేగులోని గడ్డ కూడా అలాగే కేకేసి రక్తం లాక్కుంటుంది. నీకు ఎక్కిస్తున్న మందు ఆ కేకను నొక్కేస్తుంది. పుండేది, గడ్డేది అని అది చూడదు.

కాలు డాక్టరుకు చూపించు. మందు మాత్రం నీ అంతట నువ్వు ఆపకు. పుండు మొండికేస్తోందంటే మందు ఒంట్లో ఉన్నట్టే. అవునుగానీ, వీడియో కాల్ ఎందుకు ఎత్తవు? కోపం వస్తోంది.

ప్రేమతో, నీ నిస్సీ


నాచారం

ప్రియమైన నిస్సీకి,

మంచి వార్త. పుండు మానుతోంది! అడుగున ఎర్రగా కొత్త కండ వచ్చింది, అంచుల్లో లేత చర్మం. అమ్మ చర్చిలో లేచి సాక్ష్యం కూడా చెప్పింది, "నా కొడుకు కాలును దేవుడు ముట్టిండు" అని. నువ్వు ట్రైనింగ్ పూర్తి చేసుకునే రా, ఫికర్ చేయకు.

నీ అనిల్


పుణె

బావా,

నీ ఉత్తరం చదవగానే ఇది రాస్తున్నాను. మందు ఒంట్లో ఉంటే ఆ పుండు ఇంత తొందరగా మానదు. నిజం చెప్పు, ఆపేశావా? అత్తమ్మ పోరు పడలేక మందు ఎక్కించుకోవడం మానేశావా? కాలి పుండు కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావా, మూర్ఖుడా! ఫోన్ చేస్తే అత్తమ్మ "పండుకున్నడు" అంటోంది, ఎప్పుడు చేసినా అదే మాట. ఈ ఉత్తరం అందగానే దవాఖానాకు వెళ్లు. నీ కాళ్లు పట్టుకుంటాను.

నిస్సీ


నాచారం

ప్రియమైన నిస్సీకి,

బాగా తిట్టావు. కానీ మందు నేను ఆపలేదు. అమ్మనూ ఏమీ అనకు, పాపం ఆమెకు ఏమీ తెలియదు.

కొత్త స్కాన్‌లో గడ్డ పెరిగిందట, కాలేయంలోనూ కనబడిందట. డాక్టరు కంప్యూటర్ వైపే చూస్తూ, "ఈ మందు ఇగ పనిచేస్తలేదు, ఆపేద్దాం" అన్నాడు. ఇంటికొచ్చి నీకు రాయబోయాను, పెన్ను కదల్లేదు. కొన్నాళ్లకు కట్టు విప్పితే పుండు మానుతూ కనబడింది. అమ్మ చేతులెత్తి స్తోత్రం చెప్పింది. నేను బాత్‌రూంలోకి వెళ్లి ఏడ్చాను.

అప్పుడు నీకు రాశాను. పుండు మానిందంటే ఎవరైనా సంతోషిస్తారు. భయపడేది నువ్వొక్కదానివే అని తెలుసు. నా నోటితో చెప్పలేక, నీకు నువ్వే తెలుసుకునేలా చేశాను.

ట్రైనింగ్ పూర్తి చేసుకునే రమ్మన్నది అబద్ధం. నాకు భయంగా ఉంది నిస్సీ. వచ్చేయ్.

నీ అనిల్