ఒక్కడున్నా క్లాసే

ఆగస్టు 4, సోమవారం
మూడో ఏడాది మెకానికల్‌కి మేనేజ్‌మెంట్, ఎకనామిక్స్ చెబుతున్నాను. వాళ్ల దృష్టిలో ఇది సబ్జెక్టే కాదు. బోర్డు వైపు తిరగ్గానే వెనక బెంచీలు మూసిన నోళ్లతో రాగం తీస్తాయి. ఇటు తిరిగితే అరవైమందీ బుద్ధిమంతులే.
నీ గొంతు నీకన్నా వినపడుతుందా తల్లీ, అంది అమ్మ. కాన్వెంట్‌లో గొంతు తగ్గించడమే నేర్పారు. పెంచడం సిలబస్‌లో లేదు.

ఆగస్టు 6
హెచ్‌ఓడీ పిలిచారు. అందరూ కూడబలుక్కుని ఎగ్గొట్టిన మాస్ బంకులు నా క్లాసుకు ఇప్పటికే రెండట. మూడోది జరిగితే నా కాంట్రాక్టు రెన్యూ కాదట. ఒక్కడు కూర్చున్నా క్లాసు జరిగినట్టే, రానివాళ్లకు ఆబ్సెంట్ వేసెయ్, ఎవడో ఒకణ్ణి పట్టుకోమ్మా, అన్నారు. చేపల్ని పట్టమన్నంత తేలిగ్గా.

ఆగస్టు 7
కార్టెల్ పాఠం. అమ్మేవాళ్లంతా ధర తగ్గించకూడదని ఒట్టేసుకుంటారు. ఎవడో ఒకడు చాటుగా తగ్గిస్తాడు. కార్టెల్ కూలుతుంది.
క్లాసు లీడరు, సీఆర్ లేచాడు. రాగం ఎప్పుడూ అతనే అందుకుంటాడు. మా ఒట్టు అలాంటిది కాదు మేడమ్, రేపు మీ క్లాసులో చూద్దురుగాని, అన్నాడు. అందరూ బల్లలు చరిచారు.
ఎవడో ఒకడు వస్తాడన్నాను. నేనే అన్నానా?

ఆగస్టు 8, ఉదయం
రిజిస్టర్ బ్యాగులో ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాను.

ఆగస్టు 8, సాయంత్రం
ఖాళీ బెంచీలు. తిరుగుతున్న ఫ్యాన్లు. కాసేపటికి సీఆర్ తొంగిచూశాడు. లోపలికొచ్చి చివరి బెంచీ కింద కూడా వెతికాడు. ద్రోహి ఎవడైనా దూరాడేమో చూద్దామని వచ్చా మేడమ్, అన్నాడు నవ్వుతూ.
నువ్వొచ్చావుగా, అని రిజిస్టర్ తెరిచాను.
నవ్వు ఆగిపోయింది. మేడమ్ మేడమ్, ప్లీజ్, అన్నాడు. అందరికీ ఆబ్సెంట్ పడి తనకొక్కడికే ప్రెజెంట్ పడితే వాళ్లు బతకనివ్వరట. కావాలంటే సోమవారం ఒక్కొక్కణ్ణీ కాలర్ పట్టుకుని లాక్కొస్తాడట. నా కాంట్రాక్టు సంగతి అతనికి తెలియదు. నేనూ చెప్పలేదు.
ప్రెజెంట్ వేశాను. కూర్చోమన్నాను. కూలబడ్డాడు.
గంటసేపూ పాఠం చెప్పాను. బోర్డు వైపు తిరిగితే ఎంత నిశ్శబ్దం!

ఆగస్టు 9
కాంట్రాక్టు మరో ఏడాది. హెచ్‌ఓడీ కాఫీ తెప్పించారు. ఎలా పట్టావమ్మా, అని అడిగారు. తనే వచ్చాడన్నాను. అబద్ధమేం కాదు.
కాఫీ చల్లారిపోయింది, తాగలేకపోయాను.

ఆగస్టు 11, సోమవారం
అందరూ వచ్చారు. ముగ్గురు పట్టే బెంచీలో సీఆర్ ఒక్కడే. అతని నంబరు పిలిచాను. నేనింకా బోర్డు వైపు తిరగనేలేదు, రాగం మొదలైంది. నా కోసం కాదు.
అతను ప్రెజెంట్ అన్నది వినపడలేదు. గట్టిగా చెప్పమన్నాను.