సాక నేనే పోశాను

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. దుబాయి నుంచి నీ దోస్తు తెచ్చిన స్కాచ్ సీసాను పొద్దున బీరువాలోంచి తీశాను. షెర్రీ అనే ద్రాక్షసారా పీపాల్లో మాగబెట్టి కొన్ని సీసాలే చేశారని డబ్బా మీద ఉన్నది నీకు చదివి వినిపించాను, గుర్తుందా? పొగ వాసన ఉంటుందనగానే, "మాంసం కాల్చే మన సీకుల బండి లెక్కనా? దాచు బిడ్డా, మంచి రోజు తీద్దాం" అన్నావు.

మంచి రోజు కాకపోయినా ఇది నీ రోజు.

సమాధి మీద నీకు తొలి గుక్క సాక పోసే వేళకు చిన్నాయన చెయ్యి చాపాడు. "ఆడపిల్ల సాక పోస్తదా? ఇటియ్యి."

"బాపు బండి నేనే నడుపుతాన. సాక గూడ నేనే పోస్త" అన్నాను.

బిరడా లాగగానే ఆయన వాసన చూసి మొహం చిట్లించాడు. "ఇది ఖరాబైంది. మాడిన కంపు కొడతాంది, పారబొయ్యి."

సీసాను అమ్మ అందుకుంది. నువ్వు తాగి వస్తే గుమ్మం బయటే నిలబెట్టిన అమ్మ, దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని మళ్లీ మళ్లీ వాసన చూసింది.

"ఖరాబేం కాలే. బండి కాడికెల్లి వచ్చినంక మీ అన్న అంగి ఇట్లనే ఉండేది" అంది చిన్నాయనతో.

సాక నేనే పోశాను. ఏటేటా నేనే పోస్తాను. మిగిలింది చిన్నాయన, నీ దోస్తులు తలా కాస్త పంచుకున్నారు.

సాయంత్రం బండి పెట్టాలి. బొగ్గులు రాజేయడానికి నేను లేచేసరికి, అమ్మ ఆ బిరడాను కొంగున ముడేసుకుంటోంది.